వస తొట్టి దగ్గర నేర్చుకున్న వైద్యం

ఆయుర్వేదం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి" అంటారు. వాళ్ళకి కావలసింది మందుల పేర్లు. నేను మొదలుపెట్టేది ఒక మొక్క సంగతి. పాపం మర్యాదకి కాసేపు వింటారు, టీ తాగుతారు, బస్సు టైమయిందని లేస్తారు. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. కాగితానికైతే బస్సు టైము ఉండదు.

బాపట్లలో, రేపల్లె అవతల ఒక ఊళ్ళో, చివరికి తెనాలిలో ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలల్లో పనిచేశాను. ఎప్పుడు చేరాను, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాను అన్నవి వదిలేస్తున్నాను. అవి చెప్పుకుంటే నాకే నిద్రొస్తుంది. నాకు వైద్యం నేర్పింది ముగ్గురు మనుషులు, ఒక సిమెంటు తొట్టి. వాళ్ళ గురించే రాస్తాను.

ముందు మొక్క

వస అనగానే మనవాళ్ళకి పచారీ కొట్లో దొరికే ఎండుకొమ్మే గుర్తొస్తుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో సానరాయి, దాని పక్కన వేలంత వసకొమ్ము ఉండాల్సిందే. ఎవరైనా ఆపకుండా మాట్లాడితే "నీకు వస ఎక్కువ పోశారా ఏంటి?" అంటాం. వసపిట్ట అని పేరు పెడతాం. ఇంతగా నోట్లో నానే మొక్కని పచ్చగా చూసినవాళ్ళు మాత్రం తక్కువ. కాలేజీలో చేరేదాకా నేనూ చూడలేదు.

అది నీటిమొక్క. కాళ్ళు బురదలో, తల ఎండలో ఉండాలి దానికి. ఆకులు కత్తుల్లా నిటారుగా లేస్తాయి, చోటు కుదిరితే నడుం ఎత్తు పెరుగుతాయి. ఆకు నడుమ గట్టి ఈనె ఉంటుంది, అంచు ఒక పక్క సన్నగా ముడతలు పడి ఉంటుంది. దూరం నుంచి చూస్తే జమ్ము అనుకుంటారు, తుంగ అనుకుంటారు. తేడా తెలియాలంటే ఆకు చిదిమి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. నారింజ తొక్కా అల్లమూ కలిపి దంచినట్టు ఘాటుగా ఉంటుంది. పువ్వు పూయడం అరుదు. పూసినా పువ్వులా ఉండదు, ఆకులాంటి కాడకి పక్కనుంచి చిటికెనవేలంత కంకి ఒకటి పొడుచుకొస్తుంది. గింజ పడి మొలిచిన వసని నేనెప్పుడూ చూడలేదు. దుంప ముక్క పాతుకోవాల్సిందే.

అసలు సొత్తంతా బురదలోనే ఉంటుంది. అడ్డంగా పాకే దుంప, కణుపులు కణుపులుగా, పైన గోధుమరంగు, కోస్తే లోపల గులాబీ కలిసిన తెలుపు. దాదాపు ఏడాది పెరిగాక కింది ఆకులు పసుపు తిరిగితే దుంప ముదిరిందని గుర్తు. తవ్వి, వేళ్ళు గీకేసి, ముక్కలు కోసి ఎండబెట్టాలి. మండుటెండలో పడేస్తే వాసన ఎగిరిపోతుంది, అందుకని నేను నీడపట్టునే ఆరబెట్టేదాన్ని. తవ్వేటప్పుడు ఒక కొస బురదలో వదిలేస్తే చాలు, మళ్ళీ అదే అల్లుకుంటుంది. నచ్చిన చోట పాదుకుంటే ఏళ్ళ తరబడి వదలదు.

దాని ఉపయోగాలు మన ఇళ్ళల్లో శాస్త్రం కంటే ముందే ఉన్నాయి. కొమ్ముని ఆముదం దీపం మీద కాల్చి, తల్లిపాలతో అరగదీసి, బిడ్డ నాలుకకి రాస్తారు. దాన్నే వస పోయడం అంటారు. కడుపుబ్బితే బొడ్డు చుట్టూ పట్టు వేస్తారు. గొంతు పట్టేసినవాళ్ళు చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటారు. మా చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళ కొంగు ముడిలో వస ముక్క ఉండేది. కందుల డబ్బాలో నాలుగు ముక్కలు పడేస్తే పురుగు చేరదు. మా పుస్తకాల్లో దీన్ని వచ అంటారు, బుద్ధికీ మాటకీ మంచిదని చెప్తారు. మోతాదు మించితే వాంతులు చేయిస్తుందని కూడా అదే పుస్తకాల్లో ఉంది. ఈ రెండో మాట ఎవరికీ గుర్తుండదు.

మాది బాపట్లలో లూథరన్ కుటుంబం. నాన్న బడిపంతులు. మా ఇంట్లో బిడ్డ పుడితే నాయనమ్మ ముందు ప్రార్థన చేసి, తర్వాత వస అరగదీసేది. పక్కింటివాళ్ళు దేవుడి దగ్గర దీపం పెట్టి అరగదీసేవాళ్ళు. కొమ్ము మాత్రం ఇద్దరికీ ఒకే కొట్లోది. నాకు ఎంబీబీఎస్ సీటు తప్పిపోయి ఆయుర్వేదంలో వచ్చినప్పుడు చుట్టాలందరూ పలకరించడానికి వచ్చారు, ఇంట్లో ఎవరో పోయినట్టు. ఒక్క నాయనమ్మే సంతోషించింది. "ఇక కొమ్ములు కొనక్కర్లేదులే" అంది.

ఆచార్యులుగారు

బాపట్లలో నా మొదటి పై అధికారి ఆచార్యులుగారు. మనిషి సన్నం, గొంతు లావు. కుర్చీ జరిపితే తిట్టేవారు, జరపకపోతే తిట్టేవారు. ఆయన చేత తిట్లు తినని రోజు నాకు అన్నం సహించేది కాదంటే నమ్మండి. కానీ ఆయన నాడి పట్టుకుంటే ఎంత బిగుసుకుపోయి వచ్చిన మనిషైనా భుజాలు దించేవాడు.

ఒకరోజు వాడరేవు నుంచి చేపల పని చేసే మనిషి ఒకాయన వచ్చాడు. గుండెల్లో మంట, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. "మీ చూర్ణం ఒకసారి వేసుకుంటే తగ్గిందండి, అదే ఇవ్వండి" అన్నాడు. ఆచార్యులుగారు చూర్ణం డబ్బా మూత కూడా తియ్యలేదు. ఆటో పిలిపించి, తనే పక్కన కూర్చుని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చాక నేను ఊరుకోలేక అడిగాను.

"చూర్ణం ఇచ్చి ఒక పూట చూడాల్సింది కదండీ?"

తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"చూడమ్మాయ్, మన మందు పనిచెయ్యకపోతే అది తప్పు కాదు. మన మందు వాడుకుంటూ ఆ మనిషి ఇక్కడే కూర్చోవడం తప్పు. మనది కాని జబ్బుని మన బల్ల మీద ఒక్క పూట కూడా కూర్చోనివ్వకు" అన్నారు.

ఆ మనిషి బతికాడు. తర్వాత చాలాసార్లు చేపలు పట్టుకొచ్చి ఇవ్వబోయేవాడు. ఆచార్యులుగారు చేపలు ముట్టరు కాబట్టి అవి మా ఇంటికి చేరేవి. ఆయన నేర్పిన పాఠానికి నేను రుసుం కట్టలేదు సరికదా, చేపల పులుసు కూడా తిన్నాను.

నన్ను రేపల్లె వైపు వేసినప్పుడు ఆయన తన పెరట్లోంచి వస దుంపలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చారు. "దీన్ని చంపకుండా పెంచు. అప్పుడు నిన్ను డాక్టరంటాను" అన్నారు.

తొట్టి

ఆ ఊళ్ళో వైద్యశాల ఒక పాత పెంకుటిల్లు. వెనక దొడ్లో గొడ్లు తాగే సిమెంటు తొట్టి ఒకటి ఖాళీగా ఉండేది. అందులో కాలవ ఒండ్రు నింపి వస పాతాను.

చంపాను. చేమదుంప పాతినట్టు లోపలికి గుచ్చేశాను. అన్నీ కుళ్ళిపోయాయి. వస దుంప పడుకోవాలి గాని నిలబడకూడదు. అడ్డంగా పరిచి, మొలక కొస బురద పైకి కనిపించేలా వదిలి, పైన రెండు వేళ్ళ లోతు నీళ్ళుంటే చాలు. బాపట్ల వెళ్ళి మళ్ళీ దుంపలు అడిగాను. ఆచార్యులుగారు ఇవ్వాల్సిన తిట్లు దుంపలతో పాటు ఇచ్చారు.

రెండోసారి బాగా లేచింది. ఎండాకాలం వచ్చేసరికి ఆకుల కొనలు మాడటం మొదలైంది. నీళ్ళు తగ్గలేదు, ఎండా మరీ ఎక్కువ లేదు. ఎందుకో అర్థం కాక మా అటెండరు మరియమ్మని అడిగాను.

"కాలవలు కట్టేశారు గదండీ. బోరు నీళ్ళే పోస్తన్నా" అంది.

అక్కడ సముద్రం దగ్గర. బోరు వేస్తే ఉప్పునీళ్ళే. మనుషులే తాగలేని నీళ్ళు మొక్కకి పోస్తున్నాం. ఆ రోజు నుంచి మంచినీళ్ళ చెరువు నుంచి బిందెలతో తెచ్చి పోశాం, మాడిన ఆకులు కోసేశాం, అది తేరుకుంది. మీరు మనిషిని చూసినా మొక్కని చూసినా ముందు ఏ నీళ్ళు తాగుతోందో అడగండి. నేను సగం రోగాలు అక్కడే పట్టుకున్నాను.

మరియమ్మ గురించి ఇంకోటి చెప్పాలి. పైనుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసి, దొడ్డి శుభ్రం చెయ్యమన్నాను. ఆమె నేను చెప్పినదానికంటే ఎక్కువే చేసింది. పొద్దున వచ్చి చూసేసరికి తొట్టి బోడిగా ఉంది.

"మరియమ్మా, తొట్లో మొక్కలేవి?"

"జమ్ము పట్టేసిందండి. వేళ్ళతో సహా పీకేసా. ఇంక జన్మలో మొలవదు" అంది, ఎంతో గర్వంగా.

ఆమెని ఏమనగలం? ఆ ఊరివాళ్ళు పుట్టిన దగ్గర్నించి మురుగు కాలవల్లో, చేలల్లో జమ్ము పీకుతూ పెరిగినవాళ్ళు. కత్తిలాంటి ఆకు నీళ్ళలో కనిపిస్తే చెయ్యి దానంతటదే వెళ్తుంది. నేను ఏడవలేక "పీకేటప్పుడు వాసన రాలేదా?" అన్నాను. "వచ్చిందండి, మందాస్పత్రి నీళ్ళు గదా, అట్టాగే ఉంటది అనుకున్నా" అంది.

ఇంతలో అధికారి జీపు దిగారు. ఔషధ మొక్కలు పెంచుతున్నారట, ఎక్కడ అన్నారు. గోడవతల పీకి పడేసిన కుప్ప చూపించాను. ఆయన ఆ కుప్పని చూశారు, నన్ను చూశారు. వంగి ఒక దుంప తీసి, విరిచి, వాసన చూసి, జేబులో వేసుకున్నారు. "మా మనవడికి పనికొస్తుంది" అని జీపెక్కి వెళ్ళిపోయారు. నా ఉద్యోగంలో అంత తొందరగా ముగిసిన తనిఖీ ఇంకోటి లేదు. సాయంత్రం నేనూ మరియమ్మా కూర్చుని అన్నీ తిరిగి పాతాం. ఒక్కటి చావలేదు. అప్పట్నుంచి ఆ తొట్టి జోలికి ఎవర్నీ రానిచ్చేది కాదు మరియమ్మ.

నాగరత్నమ్మ

ఆ తొట్టి కోసమే నాగరత్నమ్మ మా దగ్గరికొచ్చింది. ఆ ఊరి మనిషే, యాభై దాటిన ఇల్లాలు. కొడుకు శ్రీను రేపల్లెకి ఆటో తోలేవాడు, కోడలు పద్మ రేపల్లెలోనే బట్టల షాపులో పనిచేసేది. పగలంతా మనవరాలు హారికతో ఈమే ఉండేది. పాపకి రెండున్నరేళ్ళు. చక్రాల్లాంటి కళ్ళు. మనిషిని చూస్తే నవ్వేస్తుంది. ఒక్క మాట రాలేదు.

నాగరత్నమ్మ ఊళ్ళో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి. కొట్టుకెళ్తే కావలసినదాన్ని వేలితో చూపించి తెచ్చుకుంటుందని చెప్పుకునేవారు. మా దగ్గరికొచ్చి కూడా అలాగే తొట్టి వైపు చూపించింది.

"పచ్చి కొమ్ము ఒకటి ఇవ్వండమ్మా. కొట్లోది పాతబడిపోయినట్టుంది, పనిచేయట్లేదు."

"ఎవరికి?"

"పాపకి. మాటలు రావాలి."

ఎన్నాళ్ళకోసారి ఇస్తున్నావంటే వారం వారం ఇస్తున్నానంది. మొదట్లో చుక్క, ఇప్పుడు చెంచా. ఇచ్చినరోజు పిల్ల వాంతులు చేసుకుంటోందని కూడా చెప్పింది, అది మంచి గుర్తేమో అన్నట్టు. నాకు కోపం నషాళానికి అంటింది. కేకలు వేయబోతున్నాను. సరిగ్గా అప్పుడు లోపల మరియమ్మ చేతిలోంచి మందులు నూరే ఇత్తడి కల్వం రాతి గచ్చు మీద పడింది. ఊరంతా వినిపించేంత చప్పుడు. నేను ఉలిక్కిపడ్డాను, నాగరత్నమ్మ ఉలిక్కిపడింది, దొడ్లో కాకులు లేచిపోయాయి.

పాప అటు తిరగలేదు. నా మెళ్ళో స్టెతస్కోపు చూసుకుంటూ నవ్వుతోంది. మా మొహాలు మారడం చూశాక, మేం ఎటు చూస్తున్నామో అటు చూసింది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మరియమ్మని పిలిచి పాప వెనక నిలబడి గరిటెతో కల్వం కొట్టమన్నాను. మళ్ళీ కొట్టమన్నాను. ఇంకా గట్టిగా అన్నాను. పాప మెడ తిప్పలేదు.

అప్పుడు నాగరత్నమ్మని కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి మెల్లగా బయటికొచ్చింది. వస ఎవరు పోస్తే బిడ్డకి వాళ్ళ మాట వస్తుందని ఆ ఊళ్ళో నమ్మకం. అందుకని గలగలా మాట్లాడే మనిషి చేత మొదటి చుక్క వేయిస్తారు. హారికకి పొన్నూరు నుంచి అమ్మమ్మ వచ్చి వస పోయాల్సింది. ఆవిడ నోరు తెరిస్తే ఊళ్ళో రేడియో అక్కర్లేదు. ఆ రోజు ఆవిడ బస్సు ఆలస్యమైంది, పిల్ల ఏడుస్తోంది, వేళ మించిపోతోందని నాగరత్నమ్మే పోసేసింది. ఏడాది గడిచి మాటలు రాకపోయేసరికి వియ్యపురాలు అందరిముందూ అనేసింది: "మూగిదాని చేత వస పోయిస్తే ఇంకేమవుతుంది?" అప్పట్నుంచి ఈమె తన చేత్తో చేసినదాన్ని తన చేత్తోనే దిద్దాలని, పచ్చి కొమ్ము కోసం ఊళ్ళు తిరుగుతోంది.

ఆచార్యులుగారి మాట నాకు చెవిలో మోగింది. ఇది మన బల్ల మీద కూర్చోవాల్సిన జబ్బు కాదు.

"నాగరత్నమ్మా, విను. వస నాలుకకి. పాప నాలుకలో ఏ లోపమూ లేదు. దానికి మన మాట వినబడట్లేదు. విననిది ఎట్టా పలుకుతుంది? నువ్వు పోసినా ఇంతే, మీ వియ్యపురాలు పోసినా ఇంతే, రేడియోలో వార్తలు చదివే ఆవిడొచ్చి పోసినా ఇంతే. కొమ్ము అవతల పారేసి గుంటూరులో చెవి డాక్టరుకి చూపించండి. పిల్ల చిన్నగా ఉన్నప్పుడే దారి దొరుకుతుంది. ఆలస్యమైతే చెవికి దారి దొరికినా మాటకి దొరకదు."

ఆమె పాప తల నిమిరింది.

"అయితే ఇది నా వల్ల కాదామ్మా?"

"కాదు."

ఏడుస్తుందనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. తొట్టి వైపు మళ్ళీ చూడలేదు.

శ్రీను ఒప్పుకోలేదట. "మా నాన్న నాలుగేళ్ళకి మాట్లాడాడంట, మా ఇంట్లో అంతే, పిల్లకి చెవుడని ఊరంతా చాటింపు వేస్తారా?" అని అరిచాడట. నాగరత్నమ్మ అన్నం పెట్టి, వాడు చెయ్యి కడుక్కునేదాకా ఆగి, ఒక్క మాటే అందని పద్మ తర్వాత నాకు చెప్పింది: "పొద్దున్నే నేనూ పాపా గుంటూరు పోతన్నాం. ఆటో తోలతావా, బస్సెక్కమంటావా?" ఆమె గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ వినబడలేదట. శ్రీను ఆటో తీశాడు.

మాట్లాడటం అనే పని

గుంటూరులో పరీక్షలు చేస్తే పాప రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి గాని, పూర్తిగా పోలేదని తేలింది. చెవులకి వినికిడి మిషన్లు పెట్టారు. మిషను పెట్టగానే మాటలు రావు, మాటలు లోపలికి పోవాలి, అప్పుడు బయటికొస్తాయి అని అక్కడ మాటలు నేర్పే అమ్మాయి చెప్పింది. ఇంట్లో ఎవరో ఒకరు పొద్దస్తమానం పాపకి ఎదురుగా, దగ్గరగా కూర్చుని మాట్లాడుతూ ఉండాలి. చేసే ప్రతి పనీ చెప్పాలి. ఆపకూడదు.

తల్లీ తండ్రీ పనికి పోతారు. పగలంతా ఇంట్లో ఉండేది ఊళ్ళోకెల్లా మాట తక్కువ మనిషి.

నాగరత్నమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నిజంగా భయపడి ఉంది.

"నాకు చేతగాదమ్మా. ఏం మాట్లాడాలి? నాకేం తెలుసని?"

నేనేం ఆలోచించానో గుర్తులేదు. ఆమెనీ పాపనీ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. "కనిపించినవి చెప్పు, చాలు" అన్నాను. తన మాట వినబడనంత దూరం మరియమ్మ వెళ్ళేదాకా ఆమె ఆగింది. తర్వాత మొదలుపెట్టింది. "ఇది ఆకు. ఇది నీళ్ళు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆకు వాసన చూడు. ఘాటుగా ఉంది గదా?" పాప ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మింది. "తుమ్మావా? తుమ్ము. హాచ్!" ఆ మనిషి 'హాచ్' అనడం విని నేను లోపలికి పారిపోయాను, ఎదురుగా నవ్వితే బాగోదని.

తర్వాత రోజూ వచ్చేది. తొట్టికి నీళ్ళు పోసే పని తనే తీసుకుంది. బిందె దించుతూ చెప్పేది, కప్ప దూకితే చెప్పేది, ఎండుటాకు తీసేస్తూ చెప్పేది. ఇంటిదగ్గర ఎసరుతో మాట్లాడేది, గేదెతో మాట్లాడేది, చీపురుతో మాట్లాడేది. ఊళ్ళో ఆడవాళ్ళు "ముసలితనంలో నాగరత్నమ్మకి ఎవరో వస పోశార్రోయ్" అని నవ్వేవాళ్ళు. ఆమె తలెత్తేది కాదు. పాపని ఎదురుగా పెట్టుకుని మాట్లాడుతూనే ఉండేది. చప్పుడైతే పాప ఇప్పుడు తిరిగి చూస్తోంది. పేరు పిలిస్తే నవ్వుతోంది. మాట మాత్రం లేదు. నెలలు గడిచినా లేదు. గుంటూరు నుంచి వచ్చిన ప్రతిసారీ "ఓపిక పట్టమన్నారమ్మా" అనేది, ఆ ఓపిక ఎక్కడ అమ్ముతారన్నట్టు నా వైపు చూస్తూ.

కొత్తగా చేరేవాళ్ళకి

కథ మధ్యలో ఆపి నీతులు చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ ఇప్పుడు చెప్పకపోతే తర్వాత చెప్పలేను.

వసని పసిపిల్లల నోట్లో పెట్టనివ్వకండి. పిల్లల డాక్టర్లు వద్దంటున్నారు, కొన్ని రకాల వసలో ఒంటికి చెరుపు చేసే పదార్థం ఉందనీ చెప్తున్నారు. నేను వాళ్ళ పక్షం. అలాగని ముసలమ్మల మీద విరుచుకుపడకండి. వాళ్ళు సానరాయి ముందు కూర్చునేది బిడ్డ మాట వినాలనే ఆశతో. ఆ ఆశని తిట్టకుండా కొమ్ముని మాత్రం పక్కన పెట్టించడం నేర్చుకోండి. అది ఏ పుస్తకంలోనూ ఉండదు. పిల్ల మాట్లాడటం లేదని ఎవరొచ్చినా ముందు చెవి చూపించమనండి.

మన మందుని ప్రేమించండి. మన మందు చాలని చోట సిగ్గుపడకుండా చెప్పండి. నాకు ఈ వృత్తి మీద ఏ ఫిర్యాదూ లేదు. ఎంబీబీఎస్ రాలేదని ఓదార్చడానికి వచ్చిన చుట్టాలందరికీ ఇప్పుడు కబురు పెట్టాలనుంది, మీరు అనవసరంగా బాధపడ్డారని. తిట్టి నేర్పిన ఆచార్యులుగారికి, పీకిన చేతులతోనే తిరిగి పాతిన మరియమ్మకి, నా ఎదుట కూర్చుని తమ భయాలన్నీ విప్పి చెప్పిన మనుషులకి నేను రుణపడి ఉన్నాను. అందులో నాగరత్నమ్మకి ఎక్కువ.

ఆ మధ్యాహ్నం

వాళ్ళ వీధిలో మంచాన పడ్డ పెద్దాయన్ని చూసి వస్తూ నాగరత్నమ్మ ఇంట్లోకి తొంగిచూశాను. గుమ్మం పక్కన పీట వేసుకుని పాపకి పెరుగన్నం పెడుతోంది. నన్ను చూసి కూర్చోమని తలూపింది గాని మాట ఆపలేదు.

"ఇదిగో ముద్ద. పెరుగన్నం. తెల్లగా ఉంది. నోరు తెరువు. ఆఁ. నములు నములు. మామిడికాయ ముక్క కావాలా? కారంగా ఉంటది. కడిగి పెడతాలే. ఇదిగో కాకి. కాకికి పెడదామా? కాకికి వద్దంట. మనమే తిందాం. ఇంకో ముద్ద. ఇంకొంచెం తింటావా? చాలా? ఇంకొక్కటే. డాక్టరమ్మొచ్చింది చూడు. డాక్టరమ్మకి పెడదామా?"

పాప బుగ్గ నిండా అన్నంతో నాయనమ్మ మొహంలోకి చూస్తోంది. ఇంకో ముద్ద వచ్చింది. దాని వెనకే ఇంకో పది మాటలు వచ్చాయి. పాప అన్నం మింగింది. మెతుకులంటిన చిన్న అరచెయ్యి ఎత్తి నాయనమ్మ నోటి మీద పెట్టి మూసేసింది.

"చా-లు" అంది.

ముద్ద పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. నాగరత్నమ్మ నా వైపు తిరిగింది. మూతి చుట్టూ పెరుగు మెతుకులు.

"ఏమందమ్మా?"

"చాలంది."

"అన్నమా?"

"అన్నం కాదు, నువ్వు. నీ నోరు మూస్తోంది చూడు."

పాపకి తన మాట అందలేదనిపించిందేమో, ఈసారి గట్టిగా, రెండు చేతులతో మూసి అంది. "చాలు!"

నాకు కళ్ళు కనబడలేదు. నాగరత్నమ్మ పాపని చంకనేసుకుని, ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా లేచింది. ఏనాడూ గడప దాటి గొంతెత్తని మనిషి మిట్టమధ్యాహ్నం వీధి నడిమధ్యకి వెళ్ళి నిలబడింది. ఇళ్ళల్లో నడుం వాల్చినవాళ్ళంతా లేచి బయటికొచ్చేలా అరిచింది.

"ఓ సుబ్బులూ! ఓ వదినా! ఇట్టా రండే! మా పాప నన్ను నోరు ముయ్యమందే! నన్ను నోరు ముయ్యమందే!"